మొదటి మోటారు సైకిలు

ఈ వేసవిలో మా అక్కయ్య కుమారుడు డిగ్రీ పరీక్షలు ముగించుకొని మా యింటికి వచ్చి పది దినములు ఉన్నాడు. వచ్చిన మరునాటి నుండియు అతని ప్రశ్న ఒక్కటే. "మామయ్యా, మొదటి బండి ఏది కొనమంటావు?" ప్రశ్న అడుగుటకు ముందే జవాబు అతని మనస్సులో సిద్ధముగా ఉన్నదని మాకు తెలియకపోలేదు. ఫోనులో అతడు చూపిన బొమ్మ ఇరువదియైదు అశ్వశక్తుల బండిది. అంతకు పూర్వము అతడు నడిపినది తండ్రిగారి గేర్లు లేని స్కూటరు మాత్రమే. ఆ రాత్రి అక్కయ్య మాతో మాట్లాడుచు, "వాడు నీ మాట వింటాడు. బండి వద్దని చెప్పకు, చెప్పినా ఆగడు. క్షేమంగా ఇంటికి తెచ్చే బండి ఏదో అది చెప్పు" అన్నది.

తల్లికి ఒక భయము, కుమారునికి ఒక కోరిక. ఈ రెంటికిని నడుమ నిలిచి ఆలోచింపగా మాకు ఒక సంగతి తోచినది. కొత్తగా నేర్చువానికి ఎటువంటి బండి తగును అను ప్రశ్న నేటిది కాదు. మోటారు సైకిలు పుట్టిన దినముననే అదియు పుట్టినది. ఆ చరిత్రను ఒకమారు తిరుగవేసినచో మా మేనల్లునికే గాక, ఇట్టి పిల్లలు గల ప్రతి యింటికిని ఉపయోగపడునని ఈ ప్రసంగమునకు పూనుకొన్నాము.

1885వ సంవత్సరమున జర్మనీ దేశములో, స్టట్‌గార్ట్ నగరమునకు చేరువనున్న కాన్‌స్టాట్ పట్టణములో, గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ అను ఇరువురు యంత్రనిపుణులు తాము నిర్మించిన చిన్న పెట్రోలు యంత్రమును పరీక్షింపదలచినారు. అందులకై కొయ్యతో ఒక చట్రము చేసి, దానికి ముందొకటి వెనుకొకటి రెండు కొయ్యచక్రములు అమర్చి, నడుమ ఆ యంత్రమును నిలిపినారు. దాని పరిమాణము 264 సి.సి., శక్తి అర అశ్వశక్తి. బండి పడిపోకుండుటకు ఇరుప్రక్కల రెండు చిన్న ఊత చక్రములు గూడ ఉండెడివి. నవంబరు మాసమున డైమ్లర్ కుమారుడు దీనిని ప్రక్క ఊరి వరకు నడిపినాడని చెప్పుదురు. యంత్రమును మండించు వేడి గొట్టము సరిగా ఆసనము క్రింద ఉండుటచే దారిలో ఆసనమునకు నిప్పంటుకొన్నదనియు కథ కలదు. ప్రపంచమున మొట్టమొదటి మోటారు సైకిలు నడిపినవాడు సహజముగా కొత్తవాడే. నేర్పుటకు గురువు లేడు, ఎన్నుకొనుటకు మరియొక బండి లేదు. కాని ఆ ఊత చక్రములను గమనింపుడు. నడుపువాడు కొత్తవాడు, పడిపోగలడు అను ఎరుక దానిని నిర్మించినవారికి తొలినాడే ఉన్నదనుటకు అవి సాక్ష్యము.

తొమ్మిది సంవత్సరముల పిమ్మట, 1894లో, మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ అనువారు అమ్మకమునకై మోటారు సైకిళ్లు తయారు చేసినారు. ఆ యంత్రము 1489 సి.సి. గలది. ఐనను దాని శక్తి రెండున్నర అశ్వశక్తులు మాత్రమే. దానికి క్లచ్చి లేదు. బండిని త్రోయుచు పరుగెత్తి, యంత్రము రాజుకొనిన వెంటనే ఎగిరి కూర్చుండవలెను. ఆ తరువాతి ఇరువది ఏండ్లలో వచ్చిన బండ్లు గూడ కొత్తవానిని కనికరించినవి కావు. నూనెను చేతిపంపుతో యంత్రమునకు ఎక్కించుచుండవలెను. గాలికి ఒక మీట, నిప్పురవ్వకు మరియొక మీట. వానలో తోలుపట్టీ జారిపోవును. బండి నడుపువాడు సగము మెకానిక్కు కాక తప్పని కాలమది. దీనిలో ఒక మేలును ఉన్నది. యంత్రమును అర్థము చేసికొననివాడు దానిని వేగముగా నడుపలేకపోయెడివాడు.

మొదటి ప్రపంచ యుద్ధమున వార్తాహరులకు మోటారు సైకిళ్లు ఇచ్చినారు. వేలకొలది యువకులు దానిని యుద్ధభూమిలో నడిపినారు. యంత్రము నమ్మదగినదైనది, వేగము పెరిగినది. రెండు యుద్ధముల నడుమ కాలమున ఆ వేగమునకు మారుపేరుగా నిలిచినది ఇంగ్లాండులోని బ్రఫ్ సుపీరియర్ అను బండి. అరేబియా యుద్ధరంగమున ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్సు దానిని ప్రాణప్రదముగా చూచుకొనెడివాడు. ఒకదాని వెనుక ఒకటిగా అట్టి బండ్లు పలుమార్లు కొన్నాడు. 1935 మే 13వ తేదీన డార్సెట్ జిల్లాలో తన కుటీరమునకు సమీపమున, సైకిళ్లపై పోవుచున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయినాడు. తలకు దెబ్బ తగిలి ఆరు దినముల తరువాత మరణించినాడు. అప్పటికి అతనికి 46 ఏండ్లు. అతడు కొత్తవాడు కాడు, ఎన్నో ఏండ్ల అనుభవము గలవాడు. అతని తలపై శిరస్త్రాణము మాత్రము లేదు.

అతనికి చికిత్స చేయ వచ్చిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ మరణము ఆయనను వెంటాడినది. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చిన పిమ్మట సైన్యములోని మోటారు సైకిలు వార్తాహరుల తలగాయములను ఆయన శ్రద్ధగా పరిశీలించి, శిరస్త్రాణము ధరించినవారి గాయములు తేలికగా ఉండుటను గుర్తించి, 1941లో ఒక వైద్యపత్రికలో ఆ విషయము ప్రకటించినాడు. ఆ సంవత్సరము చివరనే బ్రిటిషు సైన్యము విధి నిర్వహణలోనున్న వార్తాహరులకు శిరస్త్రాణమును నిర్బంధము చేసినది. నేడు మనము హెల్మెట్టు అని పిలుచుచు, తరచు పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకొని తిరుగు వస్తువునకు వెనుక ఇట్టి చరిత్ర ఉన్నది.

కొత్తవానికి అనువైన బండి ఒకటి రెండవ యుద్ధమునకు ఇంచుక ముందు జర్మనీలో పుట్టినది. 1939లో డి.కె.డబ్ల్యు. సంస్థ ఆర్.టి.125 అను చిన్న బండిని చేసినది. టూ స్ట్రోకు యంత్రము, తేలిక శరీరము, విప్పి బిగించుట సులభము. యుద్ధమున జర్మనీ ఓడిన పిదప దాని నమూనా జయించిన దేశముల చేతికి చిక్కినది. ఇంగ్లాండులో బి.ఎస్.ఏ. బాంటమ్, అమెరికాలో హార్లీ సంస్థవారి చిన్న బండి, రష్యాలో ఒకటి, ఇవన్నియు దాని సంతానమే. 1955లో జపానులో యమహా సంస్థ చేసిన మొట్టమొదటి మోటారు సైకిలు గూడ దానిని చూచి చేసినదే. ఒక తరము బ్రిటిషు యువకులు బాంటమ్ మీదనే మోటారు సైకిలు నేర్చినారు.

1958లో జపాను దేశపు హోండా సంస్థ మరియొక అడుగు ముందుకు వేసినది. సూపర్ కబ్ అను వారి బండి 50 సి.సి.ది. దానికి గేర్లు కలవు గాని చేతితో నొక్కవలసిన క్లచ్చి లేదు. ఫలహారశాల నుండి ఇంటింటికి భోజనము చేర్చు కుర్రవాడు ఒక చేతితో పళ్లెము పట్టుకొని రెండవ చేతితో నడుపగలుగవలెనని సొయిచిరో హోండా కోరినాడట. 2017 నాటికి ఈ వంశపు బండ్లు పది కోట్లు తయారైనవి. ఇంతగా అమ్ముడుపోయిన మోటారు వాహనము వేరొకటి లేదు. మనిషి నేర్పును యంత్రమునకు తగినట్లు పెంచుట ఒక మార్గము, యంత్రమును మనిషి నేర్పునకు తగినట్లు దించుట రెండవ మార్గము. ఈ రెండవ మార్గమునకు దక్కిన విజయమది.

అదే కాలమున చట్టము గూడ మేల్కొన్నది. 1961లో బ్రిటనులో నేర్చుకొనువారు 250 సి.సి. మించిన బండి నడుపరాదని నిబంధన వచ్చినది. 1983లో ఆ హద్దు 125 సి.సి.కి దిగినది. 1990 డిసెంబరు నుండి రోడ్డెక్కుటకు పూర్వమే ప్రాథమిక శిక్షణ నిర్బంధమైనది. జపానులో 400 సి.సి. వరకు ఒక అనుమతి, అంతకు మించినదానికి వేరొక అనుమతి. ఐరోపా దేశములలో 2013 నుండి మూడు మెట్లు ఏర్పడినవి. మొదట 125 సి.సి., పదునైదు అశ్వశక్తుల వరకు, తరువాత నలుబదియేడు అశ్వశక్తుల వరకు, ఆ పైన హద్దు లేదు. ఒక మెట్టుపై నిలద్రొక్కుకొని రెండవ మెట్టు ఎక్కుటకు ఇది మార్గము.

ఇక మన దేశము సంగతి. మన పెద్దల కాలమున ఏ బండి కొనవలెనను ప్రశ్నయే లేదు, ఏ బండి దొరకును అనునదే ప్రశ్న. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ వెలసి బుల్లెట్టు బండ్లను తయారు చేయనారంభించినది. 1960వ దశకములో మైసూరు నుండి జావా, ఎస్కార్ట్స్ సంస్థ నుండి రాజదూత్ వచ్చినవి. స్కూటరు కావలెనన్న సొమ్ము కట్టి ఏండ్ల తరబడి వేచి యుండవలెను. పిల్లవానికి పెండ్లి కుదిరినప్పుడు వ్రాసికొన్న స్కూటరు వాని బిడ్డ నడక నేర్చునప్పటికి వచ్చెడిదని మా తండ్రిగారు పరిహాసమాడెడివారు.

బుల్లెట్టును నేర్చుట ఒక దీక్ష వంటిది. 350 సి.సి. యంత్రము, పదునెనిమిది అశ్వశక్తులు, నూట అరువది కిలోల పైబడిన బరువు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. అమ్మీటరు ముల్లును కనిపెట్టి, చిన్న మీటను నొక్కి, పిస్టనును సరియైన చోట నిలిపి, అప్పుడు కిక్కు కొట్టవలెను. తొందరపడినచో అది వెనుకకు తన్నెడిది. పల్లెలలో ఆ చప్పుడు వినబడగానే వచ్చువారు ఎవరో పోల్చెడివారు. జావాకు వేరొక విద్య. కిక్కు కొట్టు కాలిమీటయే ముందుకు తిప్పినచో గేరు మీట అగును. ఈ బండ్లు కొత్తవానికి తగినవి కావు. ఐనను అవి కొత్తవానికి దొరకుటయే అరుదు. అన్నగారో, తండ్రిగారో, పనిచేయు చోటి పెద్దలో తాళపుచెవి ఇచ్చిననాడే దానిపై కూర్చుండుట.

ఇచ్చట ఒక ముఖ్య విషయము చెప్పవలసి యున్నది. మన చట్టము మెట్లు కట్టలేదు గాని మన పేదరికము కట్టినది. మొదట సైకిలు. కొంత కలిగినప్పుడు 1972లో వచ్చిన 50 సి.సి. లూనా. బడిపంతుళ్లు, గుమాస్తాలు, పాలవారు దానిపైననే మోటారు వాహనమును నేర్చినారు. ఆ తరువాత స్కూటరు, ఆపైన మోటారు సైకిలు. ప్రతి మెట్టుకును అయిదారేండ్లు పట్టెడివి. ఆ ఏండ్లలో దారిని చదువుట, ఎదుటివాని బుద్ధిని ఊహించుట, గతుకును దూరము నుండియే పసిగట్టుట తెలియకుండగనే అలవడెడివి.

1980వ దశకమున జపాను సంస్థల సహకారముతో కొత్త బండ్లు వచ్చినవి. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి.100 ఫోర్ స్ట్రోకు యంత్రముతో, ఏడెనిమిది అశ్వశక్తులతో, తక్కువ పెట్రోలుతో నడిచి మధ్యతరగతి యింటిలో కుదురుకొన్నది. 1994లో దాని వెనుక స్ప్లెండర్ వచ్చినది. కొత్తవానికి ఇంతకంటె ఓర్పుగల గురువులు లేవని మా అభిప్రాయము. అదే 1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్.100 కూడ నూరు సి.సి.దే. కాని శక్తి పదునొకండు, బరువు నూరు కిలోలకు కొంచెము ఎక్కువ. సి.సి. అంకె ఒక్కటే చూచి బండి స్వభావము నిర్ణయింపరాదని ఈ జంటను చూచి తెలిసికొనవచ్చును. శక్తిని బరువుతో పోల్చి చూడవలెను.

2001లో బజాజ్ పల్సర్ వచ్చినది. 2012లో ఇరువదియైదు అశ్వశక్తుల డ్యూక్ 200 వచ్చినది. వాయిదాల పద్ధతి ప్రతి వీధికిని చేరినది. పేదరికము కట్టిన మెట్లు తొలగినవి, తొలగుట సంతోషమే. కాని ఆ స్థానమున చట్టము మెట్లు కట్టలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము పదునారేండ్లవానికి 50 సి.సి. వరకే అనుమతి. పదునెనిమిది నిండి, గేర్ల బండికి అనుమతి పొందినవానికి నూరు సి.సి. బండియు, వేయి సి.సి. బండియు ఒక్కటే. పైదేశములలో ప్రభుత్వము చేయు ఎన్నికను మన దేశమున ఇంటి పెద్దలు చేయవలసి వచ్చుచున్నది.

ఫలితము అంకెలలో ఉన్నది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో సుమారు 75 వేల మంది ద్విచక్ర వాహనములపై ఉన్నవారు. హెల్మెట్టు లేక మరణించినవారు 50 వేల పైచిలుకు.

మేమును ఈ లెక్కలలో చేరవలసినవారమే. కళాశాలలో చదువునాడు స్నేహితుని టూ స్ట్రోకు బండి అడిగి తీసికొని, దానిపై మాకు రెండు వారముల అనుభవమైనను లేకుండగనే, ఒక సాయంకాలము ఊరి దారి పట్టినాము. మలుపు తిరుగగానే రోడ్డు మీద సగము వరకు మొక్కజొన్నలు ఆరబోసియున్నవి. భయముతో వెనుక బ్రేకును బలముగా తొక్కినాము. వెనుక చక్రము బిగుసుకొని ప్రక్కకు జారినది. భుజపుటెముక విరిగి రెండు నెలలు మంచమున ఉన్నాము. గింజలు ఆరబోసిన రైతు పరుగున వచ్చి మమ్ము లేవనెత్తి, తన తలగుడ్డతో చేతికి కట్టు కట్టినాడు. తప్పు ఆ బండిది కాదు, రైతుదియు కాదు. దాని వేగము మా చేతికి అందినది, దాని బ్రేకు మాత్రము అందలేదు.

చాల కాలము తరువాత మేము ఒక అమెరికా పరిశోధన వివరములు చదివినాము. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన హ్యారీ హర్ట్ అను ఆచార్యుడు లాస్ ఏంజిలిస్ ప్రాంతమున 900 మోటారు సైకిలు ప్రమాదములను ఆయా స్థలములకే పోయి పరిశీలించి 1981లో నివేదిక వెలువరించినాడు. ప్రమాదమునకు గురియైన వారిలో నూటికి 92 మంది తమంత తాముగా గాని, బంధుమిత్రుల వద్ద గాని నేర్చినవారు. సగమునకు మించినవారికి ఆ బండిపై ఐదు నెలల అనుభవము లేదు. ఆపద కంటబడిన తరువాత తప్పించుకొనుటకు దొరకిన వ్యవధి రెండు సెకండ్ల లోపు. ఆ వ్యవధిలో చాలమంది వెనుక బ్రేకును అతిగా తొక్కి, ముందు బ్రేకును తగినంత పట్టలేదు. చదువుచుండగా మాకు మా మొక్కజొన్నలు జ్ఞాపకము వచ్చినవి.

కావున మా మేనల్లునికి మేము చెప్పినది ఇది. మొదటి బండి కూర్చుండినప్పుడు రెండు పాదములును నేలకు ఆనవలెను. యంత్రము ఆపి ఇరువది గజములు త్రోసి చూడుము. త్రోయలేని బరువును పడినప్పుడు లేవనెత్తలేవు. 100 నుండి 125 సి.సి. వరకు, పది పదునొకండు అశ్వశక్తులు చాలును. దానితో ఏ ఊరికైనను పోవచ్చును. బ్రేకులను గూర్చి అడుగుము. 2019 ఏప్రిల్ నాటికి మన దేశమున 125 సి.సి. మించిన కొత్త బండ్లకు చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఎ.బి.ఎస్. అమరికయు, అంతకు లోపు బండ్లకు రెండు బ్రేకులు కలసి పనిచేయు అమరికయు తప్పనిసరియైనవి. అంతకు ముందటి పాత బండి చౌకగా వచ్చినను ఈ సంగతి మరువకుము. బండి సొమ్ములో నుండి ముందుగా ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెట్టుకును, మడమలు కప్పు బూట్లకును తీసి ప్రక్కన పెట్టుము. మొదటి పది ఉదయములు బడి మైదానములో గడుపుము. రెండు బ్రేకులను కలిపి మెల్లగా పట్టుట చేతికిని కాలికిని చెప్పకయే తెలియువరకు రోడ్డెక్కకుము.

అతడు శ్రద్ధగా విన్నాడు. చివరకు, "అయితే ఆ పెద్ద బండి ఎప్పటికీ వద్దంటావా మామయ్యా?" అని అడిగినాడు. వద్దనలేదు. రెండేండ్లు దీనిపై తిరిగి, వానాకాలములు రెండు చూచి, అప్పటికిని కోరిక నిలిచినచో నిరభ్యంతరముగా కొనుమన్నాము. కోరిక తప్పు కాదు. నూట ముప్పది ఏండ్లకు పైగా మనుష్యులను ఈ రెండు చక్రముల మీదకు ఎక్కించుచున్నది ఆ కోరికయే.

గత మాసమున అతడు 125 సి.సి. బండి కొన్నాడు. ఉదయము ఆరు గంటలకు మైదానమునకు పోవుచున్నాడని అక్కయ్య చెప్పినది. అతడు తిరిగి వచ్చి గేటు తీసిన చప్పుడు వినబడువరకు ఆమె వంటయింటిలో ఏ పనియు మొదలు పెట్టదట. ఈ ప్రసంగమును వినిన, చదివిన యువకులు తాళపుచెవి చేత పట్టినప్పుడు తమ యింటిలో అట్లే చెవి యొగ్గి యుండువారిని ఒక్క క్షణము తలచుకొన్నచో మా శ్రమ ఫలించినట్లే.